సైదమ్మ కొడుకు వయసు

సాయిలు మాస్టరు సైకిలు దిగకుండానే ఒక కాలు మా అరుగు మీద ఆనించి, "సైదమ్మ మిల్లుకు పోయిందా, ఇంట్లనే ఉన్నదా?" అని అడిగాడు. ఆ మనిషి ఎప్పుడొచ్చినా ముందు "పెద్దమ్మా, చాయ పెట్టినవా?" అంటాడు. చాయ ఊసెత్తలేదంటే ఏదో జరిగిందన్నమాట. చేటలో బియ్యం అలాగే వదిలి లేచాను.

"ఏమైంది సాయిలూ?"

"ఆమెను పిలువు. ఆమెకు చెప్పాలె."

"ఆమెకు చెప్పేది నాకు చెప్పొద్దా? ఆ ఫారం రాసిచ్చింది నేనే గద."

"అందుకే నీకు గూడ చెప్పాలె. జర జల్ది పిలువు పెద్దమ్మా."

సైదమ్మది మా ఎదురిల్లు. మాది నల్లగొండలో గుట్టకింది వాడ. తొమ్మిదేళ్ల కింద మొగుడూ పెళ్లాలు ఒక పిల్లవాణ్ని వెంటబెట్టుకొని హుజూర్‌నగర్ దిక్కు నుంచి వచ్చి ఆ ఇంట్లో కిరాయికి దిగారు. మొగుడు కాటమయ్య తాపీ పని చేస్తాడు. నాగార్జునసాగర్ కట్ట పని మొదలయ్యాక అక్కడే ఉండిపోయాడు. నెలకోసారి తల నిండా రాతి దుమ్ముతో వచ్చి, రెండు రోజులుండి పోతాడు. సైదమ్మ పల్లికాయల మిల్లుకు పోతుంది. ఆ ఒక్క కొడుకే, పెంటయ్య.

ఆమె తలగుడ్డ చుట్టుకుంటూ బయటికొచ్చింది. సాయిలు మాస్టరు సైకిలు దిగి చెప్పాడు.

"పెద్దబజారు క్లబ్బోళ్లు అర్జీ పెట్టిండ్రు. పెంటయ్యకు పదిహేను దాటినయని. బడి రిజిస్టర్ల జూసిండ్రట. పదహారు నిండినట్టున్నది."

సైదమ్మ తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుంది.

"ఆదివారం పొద్దున కమిటీ కూసుంటది. పొద్దుమీకి ఫైనలు. పోరడు ఎన్నడు పుట్టిండో రుజువు తేవాలె. తేకపోతే వాని పేరు కొట్టేస్తరు. వానిదొక్కటే గాదు. వాడాడిన ఆటలన్ని కొట్టేస్తరు. మొత్తం టీమే ఎల్లిపోతది."

"పద్నాలుగే సార్," అంది సైదమ్మ. "పోయిన దసరాకు నిండినయి."

"మరి బడిల పదహారెట్లయినయమ్మా?"

ఆమె కాలి బొటనవేలితో నేల మీద గీస్తూ నిలబడింది. సాయిలు మాస్టరు నా వైపు చూశాడు. నాకు తెలియదని తల ఊపాను. ఈ వాడలో నాకు తెలియని సంగతి ఉండడమే అరుదు. అందుకే ఆ తల ఊపడం నాకే కొత్తగా అనిపించింది.

సాయిలు మాస్టరు బడి పంతులు కాదు. తాలూకా కచేరీలో జవాను. చిన్నప్పుడు హైదరాబాదులో మేనమామ ఇంట్లో ఉండి ఫుట్‌బాల్ ఆడినవాడు. రెండేళ్ల కింద మా వాడ పిల్లలను పోగుచేసి క్లబ్బు అన్నాడు. పిల్లలు ఆడుకుంటే మనకేం పోయింది అనుకున్నాం. తర్వాత లీగు అన్నాడు. ఆరు క్లబ్బులట, నార్కట్‌పల్లి నుంచి కూడా ఒకటట, పదిహేను దాటనివాళ్లేనట. ఇక అప్పటి నుంచి తల్లులకు ఆట మొదలైంది. ఈ ఆదివారం నిమ్మకాయలు ఎవరింటివి, బెల్లం నీళ్లు ఎవరు తేవాలి, పచ్చ అంగీలు ఎవరు ఉతకాలి, ఫారం మీద వేలిముద్ర ఎవరు వేయాలి. నేనన్నాను, "సాయిలూ, గిది ఆట గాదు, పెండ్లి" అని. ఫారాలు నింపే పని నాకు పడింది. నేను నాలుగో తరగతి దాకా చదివాను, దస్తూరీ గుండ్రంగా ఉంటుంది.

మొదటి ఆట చూసి సైదమ్మ ఏడుపు ముఖంతో ఇంటికొచ్చింది.

"ఏందే?"

"నా కొడుకును ఆడనిస్తలేరక్కా. అందరు ఉరుకుతాండ్రు. వీనొక్కన్ని రెండు గుంజల నడుమ నిలవెట్టిండ్రు. బంతి దూరముంటే పాపం ఆకాశం దిక్కు జూస్తాండు."

"గోలీ అంటరట వాన్ని. చేతులు వెట్టొచ్చట వానొక్కడే."

"గట్లనా? మరి మనోని చేతులకు తగ్గ పనే ఇచ్చిండ్రు," అని అప్పుడు నవ్వింది.

నిజమే, ఆ పిల్లవాడి చేతులు మామూలువి కావు. నిలబడితే వేళ్లు మోకాళ్ల దాకా వస్తాయి. బంతి ఏ మూలకు పోయినా ముందు ఆ చేతులు పోతాయి, వెనక మనిషి పోతాడు. నాలుగు ఆటల్లో ఒక్కటే గోలు ఇచ్చాడు. అవతలి క్లబ్బుల పిల్లలు గీత అవతల నిలబడి "పెంటిగా, పెంటకుప్పా" అని అరిచేవారు. పిల్లవాడి చెవులు ఎర్రబడేవి. ఒకసారి నా దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, ఫారంల పేరు మార్చి రాయరాదే, ప్రభాకర్ అని రాయి" అన్నాడు. రాయనన్నాను.

ఆ పేరు మా దిక్కు ఎలాంటి పిల్లలకు పెడతారో నాకు తెలుసు. సైదమ్మ వచ్చిన కొత్తలో ఒకసారి అడిగాను కూడా. "వీనికంటె ముందు గిట్ల..." అని. ఆమె చేతిలో చెంబు కింద పెట్టి లోపలికి పోయింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు నేను. నా బతుకులో అడగకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే.

సాయిలు మాస్టరు పోయాక సైదమ్మ నా గడపలో కూలబడింది.

"అక్కా, బడిల నేను అబద్ధం జెప్పిన."

"ఎన్నడు?"

"మేం వచ్చిన యేడే. వీనికి అప్పుడు అయిదే నిండినయి. మిల్లుల పని దొరికింది. పోరన్ని ఎవలు జూడాలె? గుర్వయ్య పంతులు ఆరేండ్లు నిండాలె అన్నడు. చెయ్యి తల మీదికెల్లి పోయి అవతలి చెవు ముట్టుకోమన్నడు. వీడు ముట్టుకున్నడు."

నేను ఊహించగలను. మా కాలంలో బడి పరీక్ష అదే. కుడి చెయ్యి నెత్తి మీదుగా పోయి ఎడమ చెవి అందితే ఆరేళ్లు వచ్చినట్టు. ఆ చేతులకు ఆ చెవి ఎంత దూరం! ఈడు పిల్లలు నెత్తి దాటలేక గుడ్లు మిటకరిస్తుంటే వీడు చెవిని పట్టుకొని లాగి కూడా ఉంటాడు.

"చెవు ముట్టినంక పంతులు ఎన్నడు పుట్టిండు అన్నడు. జెప్పిన."

"ఏం జెప్పినవ్?"

"పోలీసు యాక్షన్‌కు ముందటి మార్గశిరంల అని."

"గంత ఠక్కున ఎట్లొచ్చిందే నీ నోటికి ఆ నెల?"

ఆమె నా వైపు చూసి చూపు తిప్పుకుంది. అప్పుడే నాకు సగం అర్థమైంది. మిగతా సగం అడగబోయి పళ్ల కింద నాలుక పట్టుకున్నాను.

మధ్యాహ్నానికి సంగతి నల్లా దగ్గరికి చేరింది. సోమమ్మ కొడుకు ముందు వరసలో ఆడతాడు. ఆమె బిందె కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"మా పోరడు ఎండల ఉరికి ఉరికి నల్లబడ్డడు. ఎవలో అబద్ధం జెప్తె మా పోరని ఆట గూడ పోవాల్నా?"

"ఎవలో ఎవలే? పేరు వెట్టి అను," అన్నాను.

"నువ్వే రాసిచ్చినవట గద ఫారం. నీకు తెల్వకుండ ఉంటదా?"

"పద్నాలుగంటే పద్నాలుగు రాసిన. అది నిజం."

"నిజమైతె చూపెట్టుండ్రి. నిజానికి కాయితం ఉండదా?"

సైదమ్మ బిందె నిండకుండానే ఎత్తుకొని పోయింది. ఆమె నీళ్లు దారి పొడుగునా చిందడం చూసి సోమమ్మే ముందు నోరు మూసుకుంది. "పోనీ, ఊర్ల పటేలు దగ్గర పుట్టుక రాసే బుక్కు ఉంటది గద," అని మెల్లగా అంది. ఆ మాట నేనెందుకు అనుకోలేదో మరి.

సైదమ్మ పురుడు పోసుకున్నది తల్లిగారింట్లో, హుజూర్‌నగర్ దగ్గరి పల్లెలో. శుక్రవారం తెల్లారకముందే ఇద్దరం బస్సెక్కాం. బస్సు మిర్యాలగూడెం దాటేదాకా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాట్లాడకుండా ఉండడం అంత దూరం అదే మొదటిసారి. హుజూర్‌నగర్‌లో దిగి, రెండు కోసులు నడిచి ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

పాత పోలీసు పటేలు పోయి మూడేళ్లయిందట. ఆయన కొడుకు దస్త్రాలు చూస్తాడు. గూట్లోంచి గుడ్డ మూట దింపి విప్పాడు. రాత అంతా ఉర్దూ. ఏ ఏడు అని అడిగాడు.

"పోలీసు యాక్షన్ అయిన తెల్లారి యేడు, దసరా," అంది సైదమ్మ.

అతను కాగితాలు తిప్పాడు. మళ్లీ తిప్పాడు. "ఆ యేడుది, నలభై తొమ్మిదిది, లేదమ్మా. గడబిడల మా నాయిన ఊరిడిచిపెట్టి సూర్యాపేట పోయిండు. యాడాదిన్నర ఎవరు రాయలే. చావు రాయలే, పుట్టుక రాయలే. మళ్ల యాభై నుంచి మొదలుపెట్టిండు."

"ఒక్కటి గూడ లేదా?"

"దానికి ముందు సంవత్సరముంది. ఇగో, పదమూడు వందల యాభై ఏడు ఫసలీ, బహ్మన్ నెల, అంటే మన మార్గశిరం. కాటమయ్యకు కొడుకు." అతను వేలు పెట్టి చూపించాడు. "పేరు రాయలేదు. పుట్టిన మూడోనాడు రాసిండ్రు, పేరెట్ల ఉంటది? గీదే గద మీకు గావలసింది?"

సైదమ్మ ఆ వేలు చూపిన చోటు చూస్తూ ఉండిపోయింది. ఆమెకు చదువు రాదు, ఉర్దూ అసలే రాదు. అయినా ఆ వరస మీంచి కండ్లు తీయలేదు.

"గిది గాదు," అన్నాను నేనే. "గిది ముందటి యేడు."

"మరి మొన్న వచ్చినాయన గిదే గావాలన్నడు. నఖలు రాసి దస్కతు వెట్టిచ్చిన."

"ఎవలు?"

"అంజయ్య అట. పెద్దబజారుల హోటలు నడుపుతడట. పోరని బడి కాయితంల ఊరు పేరు జూసి వచ్చిన అన్నడు."

మాకంటే రెండు రోజులు ముందే వచ్చి, మా మెడకు ఉరి పేనుకొని పోయాడు. బడి రిజిస్టరులో ఏ నెల ఉందో ఊరి రిజిస్టరులోనూ అదే నెల. కాటమయ్యకు కొడుకు. కాటమయ్యకు ఉన్నది ఒక్క కొడుకే. ఇంక ఎవరు ఏమంటారు?

ఆ పూట అక్కడే ఉండి, శనివారం తిరుగు బస్సెక్కాం. నార్కట్‌పల్లి మీదుగా పోయే బస్సు దొరికింది. అక్కడ దిగి నల్లగొండ బస్సు కోసం చెట్టు నీడ కూడా లేని రోడ్డు పక్క నిలబడ్డాం. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఇక నేను ఆగలేకపోయాను.

"సైదమ్మా, కాయితం లేకుంటే లేకపాయె. నీ కొడుకు పేరే రుజువు గద. మొదటి కొడుకుకు ఎవలన్న పెంటయ్య అని వెట్టుకుంటరా?"

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ మాట రావొద్దక్కా. వాని ముంగట అస్సలు రావొద్దు."

"వానికి తెల్వదా?"

"తెల్వదు. వాడు కడుపుల వడ్డప్పుడే నేనూ వాళ్ల నాయినా అనుకున్నం. పోయినోని పేరు ఉన్నోని చెవుల వడొద్దని. వడితే పిలుచుకున్నట్టేనట. పద్నాలుగేండ్లు కాపాడిన. ఒక ఆట కోసం నోరు జారాల్నా?"

"ఆట కోసమా? రేపు పది మంది ముంగట దొంగ వయసోడు అంటరు వాన్ని. వాడేం జేసిండే?"

అంతలో బస్సు వచ్చింది. ఆమె కిటికీ పక్కన కూర్చొని దారంతా చీర కొంగు వేలికి చుడుతూ విప్పుతూ వచ్చింది.

ఆదివారం కమిటీ మునిసిపల్ బడిలో కూర్చుంది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు. నడుమ కుర్చీలో భిక్షమయ్య సారు. రిటైరైన తహసీలు గుమాస్తా. పల్చటి మనిషి, కండ్లద్దాలకు దారం కట్టుకుంటాడు. ఆయన మాట కర్రలా ఉంటుంది. ఇటు పక్క పెంటయ్య పచ్చ అంగీతో గోడకు ఆనుకొని నిలబడ్డాడు. పొద్దున తిన్నాడో లేదో. అటు పక్క హోటలు అంజయ్య మడతలు పెట్టిన కాగితం చేతిలో పట్టుకొని కూర్చున్నాడు. వాకిలి అవతల పదిమంది పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు. సోమమ్మ కూడా.

అంజయ్య లేచి నఖలు బల్ల మీద పెట్టాడు.

"సార్, బడి కాయితం, ఊరి కాయితం రెండూ ఒక్కటే మాట జెప్తున్నయి. పదహారు నిండినయి. ఆ చేతులు జూడుండ్రి! పద్నాలుగేండ్ల పోరని చేతులా అవి? మా వోడు గూడ గోలీనే. గీ పిల్లగానితోని పోల్చి, చేతగాదని మా క్లబ్బోళ్లు వాన్ని తీసి బయట కూసోవెట్టిండ్రు. నేను గూడ తండ్రినే సార్. నా కొడుకు ఏడిస్తే నాకు నొప్పి గాదా?"

ఆ చివరి మాట అనేటప్పుడు అతని గొంతు కొంచెం తగ్గింది. నాకు అతని మీద కోపం కూడా అక్కడే కొంచెం తగ్గింది.

"ఫారంల పద్నాలుగు రాసింది ఎవరు?" భిక్షమయ్య సారు అడిగాడు.

"నేను సార్," అన్నాను. "అమృతమ్మ నా పేరు. వాళ్లమ్మ జెప్పింది, నేను రాసిన."

"ఆమె జెప్పిందంటే రాస్తవా? నిజమా కాదా అడిగినవా?"

"అన్నీ అడుగుత సార్. అడగొద్దన్నది అడగను."

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. సైదమ్మ వైపు తిరిగాడు.

"నీ కొడుకు ఎన్నడు పుట్టిండమ్మా?"

"పోలీసు యాక్షన్ అయిన తెల్లారి యేడు, దసరాకు."

"మరి ఇది ఎవరిది?" నఖలు ఎత్తి చూపాడు.

సైదమ్మ గోడ పక్క నిలబడ్డ కొడుకును చూసింది. "సార్, పోరన్ని బయటికి పంపుండ్రి, జెప్త," అంది.

"అట్ల గాదమ్మా. ఎవరి మీద అర్జీ ఉన్నదో వాడు ఇక్కడనే ఉండాలె. రేపు నాకు జెప్పలే, నేను ఇనలే అనొద్దు. అందరికీ అదే రూలు."

"ఒక్క నిమిషం సార్."

"నియమం నియమమే."

బల్ల మీద గడియారం లేదు కానీ నాకు టక్‌టక్ వినిపించినట్టే ఉంది. సాయిలు మాస్టరు టోపీ నలుపుతున్నాడు. పెంటయ్య తల్లినే చూస్తున్నాడు. వాడి కండ్లలో ఉన్నది భయం కాదు, అనుమానం. మా అమ్మ నిజంగానే అబద్ధమాడిందా అని. సైదమ్మ కూడా ఆ కండ్లు చూసింది.

"అది వీని అన్నది సార్," అంది. "వీని కంటే ముందు పుట్టినోనిది."

అంజయ్య లేచాడు. "గిప్పుడు కొత్త కొడుకును పుట్టిస్తుంది సార్! మరి ఆ కొడుకేడి? కాయితం ఏది?"

"పోయిండు," అంది సైదమ్మ. "యాక్షన్‌కు ముందటి వానల్ల. తుపాకులోళ్లు ఊర్ల ఉండనియ్యలే. జొన్న చేన్ల దాసుకున్నం. పది దినాలు తడిసినం. జెరమొచ్చింది. దవాఖాన లేదు, మందు లేదు. రాసెటోడు గూడ ఊర్ల లేడు. ఎవరు రాస్తరు సార్?"

"ఏ కాయితం లేకుంటె ఎట్ల సార్?" అంజయ్య గొంతులో ఇంతకు ముందున్న జోరు లేదు. అయినా అన్నాడు. "గిట్ల అయితే అందరు జెప్తరు."

అప్పుడు సైదమ్మ అతని వైపు తిరిగింది. ఆమె అంత నిటారుగా నిలబడడం నేను ఎన్నడూ చూడలేదు.

"అన్నా, నీ మొదటి కొడుకు పేరేంది?"

"శ్రీనివాసులు."

"పెంటయ్య అని ఎందుకు వెట్టుకోలే?"

అంజయ్య చూపు బల్ల మీది నఖలు మీదికి పోయింది.

"నా పెద్దోనికి గూడ మంచి పేరే వెట్టుకున్న. వాడు నిలవలే. వీడు పుట్టినంక మా అత్త వీన్ని చేటల పండవెట్టి పెంటకుప్ప మీద వెట్టింది. పక్కింటి ముసలామె ఎత్తుకొని, 'నాకు దొరికిండు' అన్నది. సోలెడు తవుడు వోసి కొనుక్కొచ్చుకున్న. ఎవలకు అక్కర లేనోడని దేవుడు వదిలెయ్యాలని గా పేరు వెట్టిన. ముక్కు కుట్టిచ్చిన. జూడుండ్రి."

భిక్షమయ్య సారు కండ్లద్దాలు తీశాడు. "ఇట్ల రా బిడ్డా," అన్నాడు. పెంటయ్య నడిచి ముందుకొచ్చాడు. సారు వాడి గడ్డం పట్టుకొని వెలుతురు వైపు తిప్పాడు. ముక్కు పక్కన పూడిపోయిన చిన్న చుక్క ఉంది. వాడికి చిన్నప్పుడు మసూచి మచ్చ అని చెప్పింది సైదమ్మ. మాకూ అలాగే చెప్పింది.

సారు వాడి గడ్డం వదిలి తన ముక్కు మీద వేలు పెట్టుకున్నాడు. అక్కడా ఒక చుక్క.

"నాకంటే ముందు ముగ్గురు పోయిండ్రట," అన్నాడు. "మా అమ్మ అయిదిండ్ల జోలె వట్టి, ఆ బిచ్చపు గింజలతోని నాకు అన్నం ముట్టిచ్చిందట. గందుకే భిక్షమయ్య. బడిల అందరు అడుక్కతినెటోడా అనేది. నేను గూడ పేరు మార్చమని ఏడ్చిన." అంజయ్య వైపు తిరిగాడు. "అంజయ్యా, ఈ పేరు కాయితం గాదంటవా?"

అంజయ్య కుర్చీలో కూర్చున్నాడు. "మా చెల్లె కొడుకు గూడ పెంటయ్యనే సార్," అన్నాడు. నఖలు తీసుకొని మళ్లీ మడత పెట్టుకున్నాడు.

పక్క కుర్చీలో ఉన్నాయన, మాట చాలదు, రాతలో ఉండాలి, తల్లి వేలిముద్ర ఉండాలి, రేపు సోమవారం బడి రిజిస్టరు కూడా సరిచేయించాలి అన్నాడు. సరేనన్నారు. ఒక తెల్ల కాగితం, కలం బల్ల మీద పెట్టారు. సాయిలు మాస్టరు నా వైపు చూశాడు. నేను కూర్చున్నాను.

రాయడం మొదలుపెట్టాను. నేను, కాటమయ్య భార్య సైదమ్మను, ప్రమాణంగా చెప్పునది ఏమనగా, నాకు ఇద్దరు కొడుకులు. అక్కడ కలం ఆగింది. ఇక దాటలేను. తొమ్మిదేళ్లు పళ్ల కింద పెట్టుకున్న ప్రశ్న ఇప్పుడు బల్ల మీదికొచ్చింది.

"పెద్దోని పేరు జెప్పు సైదమ్మా. రాయాలె."

ఆమె కొడుకు వైపు చూసింది. వాడు ఆమె పక్కనే నిలబడ్డాడు, అంతకు ముందు ఎప్పుడు వచ్చాడో. వాడి పొడుగు చెయ్యి ఆమె భుజం మీద ఉంది.

"గాలయ్య," అంది. "వాళ్ల తాత పేరు."

రాశాను. చివరి అక్షరం దగ్గర సిరా కొంచెం అలికింది. ఆమె వేలికి సిరా పూసుకొని, ఆ పేరు కిందనే వేలిముద్ర పెట్టింది. భిక్షమయ్య సారు లేచి, "పిల్లవాడు ఆడుతడు," అన్నాడు. వాకిట్లో పిల్లలు ఒక్కసారిగా అరిచిన అరుపుకు బడి గంట కూడా చిన్నగా ఊగింది. సోమమ్మ లోపలికొచ్చి సైదమ్మ ముందు నిలబడి, "ఇంటికి పోదాం పా, పొద్దున తినలే గదనే," అని మాత్రం అంది.

ఆ సాయంత్రం ఆట నేను మొత్తం నిలబడే చూశాను. పెద్దబజారు పిల్లలు గీత అవతల అలవాటు ప్రకారం "పెంటిగా!" అని అరిచారు. అంజయ్య లేచి వాళ్ల దగ్గరికి పోయి ఏదో అన్నాడు. మళ్లీ వినిపించలేదు. మొదటి సగంలో రెండు బంతులు గుంజల మూలకు పోతుంటే పెంటయ్య చేతులే పోయి పట్టుకున్నాయి. రెండో సగం మధ్యలో పెద్దబజారోళ్లు ముగ్గురు ఒక్కసారి మీదికొచ్చారు. ఒకటి ఆపాడు. తిరిగొచ్చిన బంతిని ఇంకొకడు తన్నాడు. అది పోయింది. మనవాళ్లు మిగిలిన కాలమంతా ఉరికారు. సోమమ్మ కొడుకు గుంజకు కొట్టాడు. ఒక గోలుతో ఓడిపోయాం.

సాయిలు మాస్టరు పిల్లలకు బెల్లం నీళ్లు పోస్తూ ఎవరి ముఖమూ చూడలేదు. సైదమ్మ మాత్రం గోలు గుంజల వెనక, మొదటి నుంచి నిలబడ్డ చోటనే ఉంది. ఓడిందని ఆమెకు తెలిసిందో లేదో.

ఇంటికొచ్చేటప్పుడు ముగ్గురం గుట్ట పక్క దారిన నడిచాం. పెంటయ్య మోకాళ్లకు మట్టి, మోచేతికి గీరుకున్న నెత్తురు. నేను ఏమీ అడగలేదు. తర్వాత వాడే అన్నాడు.

"అమ్మా, అన్న నాకంటే పొడుగైతుండెనా?"

సైదమ్మ నడక ఆపకుండానే అంది.

"తొమ్మిది నెలల పోరడు రా. పారాడుతుండె, గంతే. పొడుగు ఎట్ల తెలుస్తది?"

నాలుగడుగులు వేశాక ఆగింది.

"చేతులు మాత్రం నీ లెక్కనే. కుంపటి మీద గిన్నె ఎంత అవతల వెట్టినా అందుకుంటుండె."